స్విచ్ ముట్టుకోవద్దనే ఇల్లు

మా ఇంటి నడవాలో గోడమీదున్న ఒక స్విచ్‌కి దాదాపు ఏడాదిపాటు టేపు అంటించి ఉండేది. టేపు మీద నా చేతిరాతలో "ముట్టుకోవద్దు" అని. ఇల్లు నా మాట వినాలని సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, చివరికి ఇంట్లో మనుషులే దాని మాట వినాల్సిన స్థితికి తెచ్చాను. మన స్మార్ట్ హోమ్ ఔత్సాహికుల సంఘంలో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారని తెలుసు కాబట్టి ఈ నాలుగు మాటలు.

పడకగది కిటికీకి ఒక సెన్సర్ పెట్టాను. కిటికీ తెరిస్తే హీటర్ ఆగాలి, అంతే దాని పని. పగలంతా బుద్ధిగా ఉండేది. రాత్రయ్యేసరికి మొద్దునిద్ర. కిటికీ బార్లా తెరిచి ఉన్నా "మూసి ఉంది" అనే చూపించేది, హీటరేమో వీధిని వెచ్చబెడుతూ కూర్చునేది.

మూడు వారాలు దాని వెనక పడ్డాను. ముందు బ్యాటరీ మార్చాను. బిళ్ళ బ్యాటరీల శాతం లెక్కని నమ్మకూడదని అప్పటికే అనుభవం. సెన్సర్ కొలిచేది వోల్టేజిని. లిథియం బిళ్ళ ఆయుష్షులో ఎక్కువ భాగం 3 వోల్టుల దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా కూలుతుంది. నిన్న నూరు శాతం చూపించింది ఇవాళ చచ్చి పడి ఉండటానికి కారణం అదే. కొత్తది వేశాను, మార్పు లేదు.

తర్వాత జిగ్‌బీ డాంగిల్‌ని అనుమానించాను. సెన్సర్లూ దీపాలూ తీగల్లేకుండా మాట్లాడుకునే పద్ధతి జిగ్‌బీ, ఆ మాటలు వినడానికి ఇంటిని నడిపే కంప్యూటర్ పెట్టెకి గుచ్చే చిన్న రేడియో ఈ డాంగిల్. యూఎస్‌బీ 3 పోర్టులు జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి, 2012లోనే ఇంటెల్ దానిమీద ఒక పత్రం ప్రచురించింది కూడా. డాంగిల్‌ని నేరుగా పెట్టెకి గుచ్చకుండా ఎక్స్‌టెన్షన్ తీగతో కాస్త దూరంగా పెడితే చాలా జబ్బులు వాటంతటవే పోతాయి. మీలో ఎవరైనా ఇంకా ఆ పని చెయ్యకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అది చేసి రండి. నా కిటికీకి మాత్రం దానివల్ల ఏమీ ఒరగలేదు.

ఇక మిగిలింది చానల్. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా చానళ్ళున్నాయి. వైఫై కూడా అదే బ్యాండులో, మామూలుగా 1, 6, 11 మీద కూర్చుంటుంది. అంకెలు చూసి మోసపోకండి, జిగ్‌బీ 11 ఉండే చోటు వైఫై 1 దగ్గర. మా వైఫై 6 మీద ఉంది, జిగ్‌బీ 17 మీద, అంటే సరిగ్గా దాని ఒళ్ళో. 25కి మార్చాను. అలా మార్చినప్పుడు కొన్ని పరికరాలు పిలవకుండానే వెంట వస్తాయి, కొన్ని రావు. రానివాటిని ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి మళ్ళీ జతచెయ్యాలి. ఆ ఆదివారమంతా నిచ్చెన మీదే గడిచింది. రాత్రికి కిటికీ మళ్ళీ నిద్రపోయింది.

కారణం దొరికింది తెలివితో కాదు, అలసటతో. అన్నాళ్ళూ లాగ్‌లో, అంటే జరిగినవన్నీ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే చిట్టాలో, ఆ సెన్సర్ పేరు పెట్టే వెతుకుతూ వచ్చాను. ఆ రాత్రి విసుగొచ్చి, వడపోత తీసేసి, లాగ్ మొత్తం కిందికి జారుస్తూ పోయాను. ప్రతిరోజూ తొమ్మిదీ పావు ప్రాంతంలో నడవా దీపం నెట్‌వర్క్ నుంచి మాయమవుతోంది. సెన్సర్ కాదు, దీపం. నేను నొప్పి ఉన్నచోటే నొక్కి చూస్తున్నాను, జబ్బు ఇంకోచోట ఉంది.

తొమ్మిదింటికి మా అమ్మ పడుకోవడానికి వెళ్తుంది. వెళ్తూ నడవాలో లైటు ఆర్పుతుంది, గోడమీద స్విచ్‌తో. ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్న పనే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. జిగ్‌బీలో కరెంటు మీద నడిచే దీపాలు, ప్లగ్గులు చాలావరకు తమ పని తాము చేసుకుంటూనే పక్కవాళ్ళ సందేశాలు కూడా మోస్తాయి. బ్యాటరీ మీద బతికే సెన్సర్లు ఆ మోత మొయ్యవు, ఎవరో ఒక మోసేవాణ్ణి ఎంచుకుని అతన్నే పట్టుకుని ఉంటాయి. ఆ మోసేవాడు పోతే కొన్ని రకాల సెన్సర్లు వెంటనే ఇంకొకణ్ణి వెతుక్కుంటాయి. కొన్ని మొండివి, పోయినవాడి కోసమే ఎదురుచూస్తూ ఉంటాయి. నా కిటికీ సెన్సర్ ఈ రెండో రకం. అది పట్టుకున్నది నడవా దీపాన్ని. అమ్మ స్విచ్ ఆపగానే దీపం మొత్తానికే చచ్చిపోతుంది, కిటికీ అనాథ అవుతుంది. పొద్దున్న అమ్మే లేచి స్విచ్ వేస్తుంది, అంతా కులాసా. నేనేమో పగలు చూసి "బాగానే ఉందే" అనుకునేవాణ్ణి.

కారణం దొరికిన ఆనందంలో నేను చేసిన మొదటి పని ఆ టేపు.

"అమ్మా, ఇకనుంచి ఈ స్విచ్ ముట్టుకోకు. ఫోన్‌లో ఆర్పు, లేదంటే నోటితో చెప్పు, అదే ఆర్పుకుంటుంది."

"లైటు ఆర్పడానికి దాన్ని బతిమాలుకోవాల్ట్రా?" అంది.

అప్పట్లో దాన్ని సణుగుడనుకున్నాను. నిజానికి అంతకంటే సూటైన బగ్ రిపోర్టు నాకు ఉద్యోగంలో కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఈ మాట మిత్రుల దగ్గర ఎత్తితే వచ్చే జవాబు ఒకటే: "పెద్దవాళ్ళు కూడా కాస్త నేర్చుకోవాలి కదా, ఫోన్ నేర్చుకోలేదూ?" నేను ఒప్పుకోను. ఫోన్ నేర్చుకున్నందుకు వాళ్ళకి ఏదో కొత్తది దక్కింది, మనవడి ముఖం కనిపించింది. స్విచ్ మానుకున్నందుకు దక్కేదేమిటి? ఇంతకుముందు ఒక్క వేలితో అయ్యే పని ఇప్పుడు మూడు మెట్లయింది. ఆ మూడింట్లో ఏది తప్పినా చీకటి. దీన్ని సౌకర్యం అంటున్నది దాన్ని పెట్టినవాడొక్కడే.

ఈ తగువు కొత్తదేమీ కాదు. స్కాట్లండ్‌లో పుట్టి 1975 నుంచి ఉన్న ఎక్స్10 అనే ఇంటి ఆటొమేషన్ పద్ధతిలో సందేశాలు గాల్లో కాదు, ఇంటి కరెంటు తీగల మీదే పోయేవి. అమెరికా ఇళ్ళలో కరెంటు రెండు పాయలుగా వస్తుంది. ఒక పాయ మీద పంపిన సందేశం రెండో పాయకి దాటడానికి ఆపసోపాలు పడేది. 240 వోల్టుల విద్యుత్ పొయ్యి వెలిగిస్తే అది రెండు పాయల్నీ కలిపేది కాబట్టి, పొయ్యి మండుతున్నప్పుడు మాత్రమే మాట వినే దీపాలు ఉండేవి. ఆ కారణం పట్టుకున్న మొదటి మనిషికి చేతులెత్తి మొక్కాలి. వాళ్ళావిడ మాత్రం పొయ్యి ఎప్పుడు వెలిగించాలో ఆయన్ని అడిగి ఉండదు.

ఇందులో రెండు రకాల తప్పులున్నాయి, రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటి రకం కాన్ఫిగరేషన్ తప్పులు. ఇవి తిప్పలు పెడతాయి కానీ అవమానించవు. సెట్టింగులు రాసుకునే యామల్ ఫైల్లో స్పేస్‌కి బదులు ట్యాబ్ పడితే ఫైలే చదవదు. ఆన్, ఆఫ్ అనే ఇంగ్లీషు మాటల్ని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే యామల్ పాత నియమం వాటిని నిజం, అబద్ధం కింద మార్చేస్తుంది. మీ ఆటొమేషన్ "ఆన్" అనే మాట కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, వచ్చేదేమో "నిజం". ఒక సాయంత్రం పోతుంది, ఒక పాఠం వస్తుంది, అక్కడికి సరి.

రెండో రకం మనుషుల్ని లెక్కలోకి తీసుకోని తప్పులు. స్నానాలగదిలో కదలిక సెన్సర్ పెట్టి, అయిదు నిమిషాలు కదలిక లేకపోతే లైటు ఆర్పమని రాశాను. మామూలు కదలిక సెన్సర్‌కి మనిషి తెలియడు, పరారుణ వేడిలో మార్పు మాత్రమే తెలుస్తుంది. వేడినీళ్ళ తెర వెనక ఉన్నా, కదలకుండా కూర్చున్నా దాని దృష్టిలో గదిలో ఎవరూ లేరు. మా ఇంట్లో ఒక్కొక్కరూ చీకట్లో చేతులు ఊపుతూ స్నానాలు చేసిన రోజులున్నాయి. దీనికి తోడు, ఇల్లంతా నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో "ఇంతసేపు ఇలాగే ఉంటే" అని రాసిన లెక్క మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయితే చెరిగిపోతుంది, అప్పుడేమో లైటు తెల్లారేదాకా వెలుగుతుంది. లాగ్ చూస్తే ఎక్కడా ఎర్ర గీత ఉండదు. యంత్రం లెక్కలో అంతా సవ్యమే. ఇలాంటి తప్పుని లాగ్ చెప్పదు, చేతులు ఊపుతున్న మనిషి చెప్పాలి, ఆ మనిషి సణిగితే మనం వినాలి.

మాలాంటి ఔత్సాహికులకి ఒక గర్వం ఉంది. మాది ఎక్కడో కంపెనీ సర్వర్ల మీద నడిచే క్లౌడ్ కాదు, అంతా ఇంట్లోనే నడుస్తుంది అని. ఆ గర్వానికి కారణాలూ ఉన్నాయి. 2016 మేలో రివాల్వ్ అనే హబ్, అంటే ఇంటి పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె, సేవలు ఆపేశారు, డబ్బు పెట్టి కొన్న పెట్టెలు ఉత్త ప్లాస్టిక్ అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ఒక్కమాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. ఆ కథ విన్నప్పుడు మేమంతా జాలిపడ్డాం, లోపల్లోపల కాస్త సంతోషించాం కూడా. గమనించనిది ఒకటుంది. ఇన్‌స్టియాన్ వాడిన ఇళ్ళలో యాప్, షెడ్యూళ్ళు పోయాయి కానీ, ముందే ఒకదానికొకటి నేరుగా జతచేసి ఉన్న స్విచ్‌లూ దీపాలూ మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. మా ఇంట్లో? మెమరీ కార్డు మీద నడిచే చిన్న పెట్టె ఒకటి, పాస్‌వర్డులు నా బుర్రలో. నేను ఆఫీసు పనిమీద వారం రోజులు ఊరెళ్ళినప్పుడు ఆ కార్డు పాడైంది. దూరం నుంచి ఫోన్‌లో "ఆ నల్ల పెట్టె తీగ పీకి మళ్ళీ పెట్టండి" అని చెప్తుంటే అప్పుడు నాకు వెలిగింది. చెప్పాపెట్టకుండా సర్వర్ ఆపేసిన ఆ కంపెనీ, మా అమ్మ లెక్కలో, నేనే.

మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది కదా, ఇంకేం బాధ అంటారు కొందరు. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చింది, వేరువేరు కంపెనీల వస్తువులు ఒకే మాట మాట్లాడుకుంటున్నాయి, మంచిదే. కానీ గోడ దగ్గర కరెంటు ఆపేసిన దీపం ఏ భాషలోనూ మాట్లాడదు.

నేను చివరికి చేసింది చెప్తాను. స్మార్ట్ దీపం తీసేసి మామూలు ఎల్‌ఈడీ పెట్టాను. తెలివిని దీపంలోంచి తీసి స్విచ్ వెనక్కి పంపాలనుకున్నాను, అంటే చిన్న రిలే మాడ్యూల్, హబ్ చెప్పినా స్విచ్ నొక్కినా దీపానికి కరెంటు కలిపి తెంపే పరికరం. స్విచ్ నొక్కితే మాడ్యూలే దీపాన్ని ఆర్పుతుంది, తాను మాత్రం బతికే ఉంటుంది, సందేశాలు మోస్తూనే ఉంటుంది. హబ్ చచ్చినా స్విచ్ పనిచేస్తుంది. అయితే మా స్విచ్ పెట్టెలో న్యూట్రల్ తీగ లేదు. పాత వైరింగుల్లో చాలాచోట్ల అంతే, ఫేజు దిగుతుంది, దీపానికి తిరిగి వెళ్తుంది. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్ళు ఉన్నాయి కానీ అవి బతకడానికి దీపంలోంచే కొద్దిగా కరెంటు లాక్కుంటాయి, దాంతో ఎల్‌ఈడీ ఆర్పినా మిణుకుమంటుంది. అవి చాలావరకు సందేశాలూ మొయ్యవు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, న్యూట్రల్ ఉండే పై కప్పు దగ్గర, దీపం పీఠంలోనే మాడ్యూల్ బిగించాడు. యామల్ తప్పితే సాయంత్రమే పోతుంది, ఇక్కడ తప్పితే ఇల్లు పోతుంది, కాబట్టి తీగల జోలికి నేను వెళ్ళలేదు. కిటికీ దగ్గరలో ఒక ప్లగ్గుని కూడా పెట్టాను, సందేశాలు మోసే పని తప్ప దానికి ఇంకేం లేదు.

టేపు పీకితే గోడ రంగు కాస్త ఊడొచ్చింది. అమ్మ ఇప్పుడు రాత్రి టక్కున స్విచ్ నొక్కి వెళ్తుంది. కిటికీ మేలుకునే ఉంటుంది.

మొన్న వారం మాత్రం మళ్ళీ నిద్రపోయింది. ఈసారి లాగ్ తెరవకముందే అమ్మ దగ్గరికెళ్ళాను.

"అమ్మా, ఈమధ్య ఎక్కడైనా ఏదైనా ఆపుతున్నావా?"

"నేనేం ముట్టుకోలేదు. నువ్వే నిన్న కిటికీ పక్కన ఏదో పీకి ఫోన్ చార్జింగు పెట్టుకున్నావు."

వెళ్ళి చూశాను. ప్లగ్గు టేబుల్ మీద పడుంది.

"టేపు ఆ సొరుగులో ఉంది, తెమ్మంటావా?" అంది.