ఊరు విడిచి పోకుండా బతకలేమా

సంక్రాంతి అయ్యాక మా తమ్ముడిని పలాసలో రైలెక్కించి వచ్చాను, జనరల్ బోగీలో కాలు పెట్టే సందు లేదు, బాత్రూమ్ పక్కన బ్యాగు మీదే కూర్చుని చెన్నై దాకా పోయాడు, చుట్టూ అంతా మా పక్క ఊళ్ల కుర్రాళ్లే. ఏటా ఇదే చూస్తున్నా, కడుపు తరుక్కుపోతోంది.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది కదా, మరి మా మత్స్యకారులు వేటకి గుజరాత్ వెరావల్ దాకా ఎందుకు పోవాలి? ఇక్కడ పెద్ద బోట్లు నిలపడానికి సరైన హార్బర్ లేకే. 2018లో అలా పోయినోళ్లే పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరి దాకా కరాచీ జైల్లో మగ్గారు, ఇళ్ల దగ్గర ఆడాళ్లు ఏం తిని బతికారో ఎవరికి తెలుసు. మా జిల్లాలోనే మూలపేట పోర్టుకి 2023లో శంకుస్థాపన చేశారు, సంతోషమే, కానీ ఆ ఉద్యోగాలు చేసేలా మా పిల్లలకి ట్రైనింగ్ ఎవరిస్తారు?

మా జిల్లాలో కొబ్బరి, జీడి తోటలుండే ఉద్దానం ప్రాంతం సంగతి చెప్తే ఏడుపే వస్తుంది. 2018 తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి, కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, అప్పులోడు అన్నేళ్లు ఆగడు కదా. దానికితోడు కిడ్నీ జబ్బు. 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల ఆస్పత్రి తెరిచారు, మంచి పని, అయితే డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సిన కొడుకు చెన్నైలో సెంట్రింగ్ పనిలో ఉంటే ఆ ముసలాయన్ని ఎవరు బస్సెక్కిస్తారు? మా వీధిలో ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నా.