అబద్ధం ప్రభుత్వానిది, పాపం పోలీసుదా?

మత్తుపదార్థాల ముఠా పట్టుబడిందని ప్రకటించే ప్రతి విలేకరుల సమావేశంలోనూ బల్లపై ప్యాకెట్లు, వెనక ముసుగులు తొడిగిన నిందితులు, మధ్యలో ఉన్నతాధికారులు కనిపిస్తారు. నెలల తరబడి ఆ ముఠాలో ఒకడిగా తిరిగి, ఆ సరుకును బల్లమీదికి రప్పించిన కోవర్టు, అంటే మారుపేరుతో లోపలికి పంపిన పోలీసు, మాత్రం కనిపించడు. గుర్తు తెలిస్తే ప్రాణానికే ముప్పు గనుక కనిపించకపోవడమే మంచిది. మా అభ్యంతరం వేరు. కెమెరాల కంటికి పడకుండా దాచిన ఆ మనిషిని ప్రభుత్వం తన లెక్కల్లోంచి, తన మనస్సాక్షిలోంచి కూడా దాచేస్తున్నది. అబద్ధమాడమని ఆదేశించేది ప్రభుత్వం, ఆ అబద్ధంతో జీవితాంతం బతకాల్సినది అతడు. ఈ ద్వంద్వనీతిని ఇంకెన్నాళ్లు భరించాలి?

ముఠాలను ఛేదించడానికి వేరే దారి లేదని పోలీసు శాఖలు అంటాయి. అమ్మేవాడూ కొనేవాడూ ఇష్టపడి చేసే ఈ నేరంలో ఫిర్యాదుదారు ఉండడన్నది నిజమే. కాదనడం లేదు. అయితే, అవసరమైన పని అంటే ఆ పని చేయించినవారికి బాధ్యత లేదని అర్థం కాదు.

ఆ పని ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి. కొత్తవాడికి పెద్ద సరఫరాదారు సరుకు అమ్మడు, అతడి దగ్గరికి తీసుకెళ్లి హామీ ఇచ్చే మనిషి కావాలి. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ మత్తుకు బానిసై, తన మోతాదుకు కాస్త మిగిలితే చాలని ఇతరులకు సరుకు తెచ్చిపెట్టే నిరుపేదే. కోవర్టు అధికారి అతడితో స్నేహం చేస్తాడు, అతడి కష్టాలు వింటాడు, జ్వరమొస్తే మందు కొనిస్తాడు. ఆ స్నేహం మొదట నటనే కావచ్చు. రోజూ ఒకే గదిలో కూర్చుంటే ఎంతవరకు నటన, ఎక్కడినుంచి నిజం అన్నది నటించేవాడికే తెలియకుండా పోతుంది. ‘నువ్వు పోలీసువి కాకపోతే ఇక్కడే, నా ముందే తీసుకో’ అని అమ్మకందారు సరుకు చేతిలో పెట్టినప్పుడు ఏం చేయాలో ఆ కోవర్టుకు రాతపూర్వకంగా చెప్పినవారు తరచూ ఉండరు. చివరికి అరెస్టుల రోజున ఛార్జిషీటులో ముందు వరసలో నిలిచేది పెద్ద సరఫరాదారు కాదు, జ్వరానికి మందు కొనిపించుకున్న ఆ బానిసే. సాక్షి బోనులో నిలబడి అతడి ముఖంలోకి చూస్తూ వాంగ్మూలం చెప్పాల్సింది ఈ అధికారే.

ఇంగ్లండులో సుమారు 14 ఏళ్లు ఇదే పని చేసిన నీల్ వుడ్స్ ఉద్యోగం వదిలాక బహిరంగంగా చెప్పిన మాటలు ఏ పోలీసు శిక్షణ కళాశాలలోనైనా చదివి వినిపించదగ్గవి. నార్తాంప్టన్ పట్టణంలో నెలల తరబడి సాగిన ఒక ఆపరేషన్‌లో తొంభై మందికి పైగా పట్టుబడితే, హెరాయిన్ సరఫరా ఆగింది సుమారు రెండు గంటలేనని ఆయన చెప్పారు. తనను పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తరవాత వదలక వేధించే మానసిక రుగ్మత) పట్టి పీడించిందని ఒప్పుకున్న ఆ మాజీ అధికారిని బాగా కుంగదీసింది మెడ మీద కత్తి పెట్టినవారి జ్ఞాపకం ఒక్కటే కాదు, తనను నమ్మిన నిస్సహాయులను తానే జైలుకు పంపానన్న తలపు కూడా. భయం మిగిల్చే గాయం ఒకటి, తన చేతలే మిగిల్చే గాయం మరొకటి. మొదటిదానికి పతకాలిచ్చే ప్రభుత్వాలు రెండోది ఉందనే ఒప్పుకోవు. ఒప్పుకుంటే, ఆ పని చేయించిందెవరన్న ప్రశ్న వస్తుంది మరి!

ఆ ప్రశ్నను తప్పించుకోవడానికి వ్యవస్థలకు ఒక సులువైన మార్గం దొరికింది. పని చేసినవాడిని మొదట వీరుడిని చేయాలి, బెడిసికొడితే దుర్మార్గుడిని చేయాలి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని టూలియా అనే చిన్న ఊళ్లో 1999లో ఒకే ఒక్క కోవర్టు అధికారి మాట మీద 46 మందిని అరెస్టు చేశారు. వారిలో అత్యధికులు నల్లజాతివారు. ఆడియో లేదు, వీడియో లేదు, రెండో సాక్షి లేడు. అయినా జైలుశిక్షలు పడ్డాయి, అధికారికి రాష్ట్ర పురస్కారమూ దక్కింది. తరవాత ఆ సాక్ష్యం బూటకమని తేలడంతో 2003లో గవర్నరు 35 మందికి క్షమాభిక్ష ప్రకటించారు, 2005లో అబద్ధ సాక్ష్యం నేరం కింద ఆ అధికారే దోషిగా తేలాడు. అతడిని సమర్థించడం మా ఉద్దేశం కాదు. కానీ ఆధారం అడగకుండానే అతడి మాటను వేదవాక్కుగా తీసుకున్న పర్యవేక్షకుల మాటేమిటి? అదే రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో 1970ల చివర కోవర్టులుగా వెళ్లిన ఇద్దరు అధికారులు మత్తుకు బానిసలై, తప్పుడు కేసులు పెట్టి, చివరికి తామే జైలుకెళ్లారు. ఇరవై నాలుగు గంటలూ అబద్ధాన్నే వృత్తిగా ఇచ్చి, కోర్టు గుమ్మం దాటగానే సత్యహరిశ్చంద్రుడివి కమ్మంటే ఎవరికి సాధ్యం?

న్యాయస్థానాలు ఈ వ్యవహారాన్ని తాకకపోలేదు. 1958లో షెర్మన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఉదంతం చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వ్యసనం మానడానికి ఒక వైద్యుడి దగ్గరికి వచ్చిన వ్యక్తిని అక్కడే చికిత్స పొందుతున్న ప్రభుత్వ వేగు పరిచయం చేసుకుని, పదేపదే బతిమాలి మత్తుమందు తెప్పించుకున్నాడు. కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పోర్చుగల్‌కు చెందిన టెషేరా డి కాస్ట్రో కేసులో 1998లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం కూడా పోలీసులే నేరానికి పురికొల్పితే విచారణ న్యాయబద్ధం కాదన్నది. ఈ తీర్పులు అడిగినదల్లా వలలో పడినవాడికి అన్యాయం జరిగిందా అని. వల వేయించుకున్న ప్రభుత్వం, వేసినవాడిని ఏం చేసిందన్న ప్రశ్నకు వాటిలో చోటు లేదు.

ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన సంఘటిత నేరాల ఒడంబడిక 20వ అధికరణంలో రహస్య ఆపరేషన్లను దర్యాప్తు పద్ధతిగా గుర్తించింది, వాటిలో దిగే మనిషి ఆరోగ్యం గురించి ఆ అధికరణంలో ఒక్క ముక్క లేదు. బ్రిటన్ 2021లో చేసిన చట్టం కోవర్టులు చేయదగిన నేరాలకు ముందస్తు అనుమతి విధానం తెచ్చింది. చట్టం నుంచి రక్షణ అందులో ఉంది, రాత్రి నిద్రపట్టనివాడికి అందులో ఏమీ లేదు. పోనీ శాఖలోనే సాయం అడుగుదామంటే, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినట్టు తెలిసిన మరుక్షణం ఆయుధం వెనక్కి తీసుకుంటారని, బల్లదగ్గరి పనికి మారుస్తారని, పదోన్నతి ఆగుతుందని భయం. కాబట్టి ఎవరూ వెళ్లరు, ఎవరూ వెళ్లలేదు గనుక సమస్యే లేదని శాఖ నివేదిక రాసుకుంటుంది.

ఒక మనిషి ఎన్ని నెలలకు మించి మారుపేరుతో ఉండకూడదో ఆపరేషన్ మొదలయ్యేముందే నిర్ణయించాలి. శాఖతో సంబంధం లేని వైద్యుడు మధ్యమధ్య అతడిని చూడాలి, ఇక చాలని చెప్పే అధికారం ఆ వైద్యుడికి ఉండాలి. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో కాగితం మీద ఉండాలి, కింద పై అధికారి పేరూ హోదా సంతకమూ ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. నోటిమాటతో లోపలికి పంపి, సరుకు దొరికితే మా వ్యూహమనీ, తేడా వస్తే మాకు తెలియదనీ చెప్పే పెద్దలు, ఆ సంతకం పెట్టే ధైర్యం వచ్చేదాకా, సిబ్బంది త్యాగాల గురించి వేదికలెక్కి మాట్లాడకుండా నోరు మూసుకుని ఉంటే మంచిది.