దొంగ దొరికాక కూడా ఇంటికి పంపని సినిమా గారికి

డా విన్సీ కోడ్ గారూ,

నమస్కారం. మీరు నన్ను గుర్తుపట్టరు. 2006లో కోఠీ ఫుట్‌పాత్ మీద వంగి, అటూ ఇటూ చూసి, మీ రెండు సీడీలు చొక్కా లోపల దాచుకుని బస్సెక్కిన మనిషిని. తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ అందులో మా సర్కారుకూ వాటా ఉంది. సెన్సారు వాళ్ళు ఇదంతా కల్పితమని కార్డు వేయించి, పెద్దలకు మాత్రమే అని ముద్ర కొట్టి వదిలిన మిమ్మల్ని, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనోభావాలు దెబ్బతింటాయని నిషేధించింది. కొన్నాళ్ళకే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది లెండి. నేనే ఆగలేకపోయాను. ప్రభుత్వం వద్దందంటే అందులో ఏదో ఉండే ఉంటుందని నమ్మే వయసు.

మనోభావాలు దెబ్బతినాలంటే ముందు మనిషి మెలకువగా ఉండాలి కదండీ.

ఆ రాత్రి పొరపాటున రెండో సీడీ ముందు పెట్టాను. ముప్పావు గంట గడిచినా తేడా తెలియలేదు. ఒకాయన ఏదో చెబుతున్నాడు, ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. మొదటి సీడీ పెట్టాను. అదే ఆయన, అదే అమ్మాయి, గది వేరు.

ఆయనేమో వరసగా రెండేళ్ళు ఉత్తమ నటుడిగా ఆస్కార్ పట్టుకెళ్ళిన టామ్ హాంక్స్. ఆ అమ్మాయి ఒక్క అమెలీతో ప్రపంచమంతా అభిమానుల్ని సంపాదించుకున్న ఆడ్రీ తోతూ. పోలీసు జాన్ రెనో, బిషప్ ఆల్ఫ్రెడ్ మొలీనా. దర్శకుడు రాన్ హోవార్డ్, రచయిత అకీవా గోల్డ్స్‌మన్ ఇద్దరికీ ఆస్కార్లు ఉన్నాయి. ఇంత సరుకు చేతికిస్తే మా వీధి చివర టిఫిన్ బండివాడు కూడా పెళ్ళి భోజనం పెట్టేవాడు. మీరు ఉప్మా పెట్టారు. అదీ ఉండలు కట్టింది.

బుర్రకథలో కూడా కథకుడు ఒక్కడే మాట్లాడుతూ పోడు. పక్కన హాస్యగాడు ఒక చురక వేస్తాడు, రాజకీయుడు ఒక ప్రశ్న వేస్తాడు, తందాన తాన అని జనాన్ని లేపుతారు. మీ దగ్గర ఆ వంత కూడా లేదు. పాపం హాంక్స్, వెనక్కి దువ్విన ఆ పొడుగు జుట్టుతో ప్రతి గోడ ముందూ నిలబడి నుదురు ముడిచి ఆలోచిస్తుంటాడు. మాకు అర్థం కాదని అక్షరాలు వెలిగించి చూపిస్తారు. అర్థమైనా విసుగు తగ్గలేదండీ.

హత్య సంగతి చూద్దాం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అర్ధరాత్రి ఒక పెద్దాయనను కాలుస్తారు. కడుపులో తూటా దిగినాయన ఏం చేశాడు? అరవలేదు, బయటికి పాకలేదు. మోనాలిసా దగ్గర ఒక పొడుపు రాశాడు. ఇంకో బొమ్మ వెనక తాళంచెవి దాచాడు. నేల మీద అంకెలు తారుమారు చేసి రాశాడు, తిరగేస్తే ఇంకో మాటయ్యే వాక్యాలు అల్లాడు. బట్టలు విప్పి, ఒంటి మీద నెత్తుటితో నక్షత్రం గీసుకుని, చేతులూ కాళ్ళూ చాపి డా విన్సీ బొమ్మలాగా పడుకుని అప్పుడు పోయాడు. నాకు జ్వరం వస్తే పాలవాడికి చీటీ రాయడానికి ఓపిక ఉండదు.

మా దగ్గర ఒక సామెత ఉంది, రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు అని. తెలివితక్కువ వాణ్ణి ఎగతాళి చేయడానికి వాడతాం. మీరు సరిగ్గా అలాంటి ప్రశ్న పట్టుకుని, ఏసుకు మగ్దలేనా మరియ ఏమవుతుందని 149 నిమిషాలు నడిపారు. పోనీ, అడిగిన ప్రశ్న మీదైనా నిలబడ్డారా? ఎక్కడ ఎవరికి కోపం వస్తుందోనని, చివరికి హాంక్స్ చేత నువ్వు ఏది నమ్మితే అదే ముఖ్యమన్నట్టు చెప్పించారు. అటు భక్తులకూ నచ్చలేదు, ఇటు నాస్తికులకూ నచ్చలేదు. 2006 మేలో కాన్ చలనచిత్రోత్సవానికి మీరే ప్రారంభ చిత్రం. ఆ అమ్మాయి ఏసు వంశంలోదన్న రహస్యం బయటపడే గంభీరమైన చోట అక్కడి విలేకరులు నవ్వారట. నేను ఆ సీను దగ్గర టీ పెట్టుకుంటున్నాను.

ఒక్కరికి మాత్రం దండం పెట్టాలి. ఇయాన్ మెకెల్లెన్. రెండు చేతికర్రల మీద ఊగుతూ వచ్చి, పెద్ద తెర మీద డా విన్సీ గీసిన చివరి విందు బొమ్మ చూపించి పాఠం చెబుతుంటే, అది పాఠమని తెలిసినా వింటాం. ఇదంతా ఉత్త హంబక్కని ఆయనకు తెలుసు, అందుకే సరదాగా చేశాడు. తతిమ్మావాళ్ళంతా పరీక్ష రాస్తున్నట్టున్నారు.

నా అసలు కోపం వేరే ఉంది. మీ కథకు ఆయువుపట్టు ఆ వంశరహస్యాన్ని కాపాడే ప్రయరీ ఆఫ్ సియోన్ అనే రహస్య సంఘం. అది నిజానికి 1956లో పియర్ ప్లాంటార్ అనే ఫ్రెంచి ఆసామి రిజిస్టర్ చేయించిన సంఘం. తర్వాత తనకు రాచవంశం అంటగట్టుకోవడానికి దొంగ కాగితాలు పుట్టించి, వాటిని పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరవేశారు. పెద్ద పెద్దవాళ్ళే నమ్మారు. ఇంతకన్నా మంచి క్రైమ్ కథ ఎక్కడ దొరుకుతుందండీ? దొంగ, దొంగ దస్తావేజు, మోసపోయిన జనం, అన్నీ రెడీగా ఉన్నాయి. మా రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాడెవడైనా సీటు చివర కూర్చుని చూసేవాడు. మీరు దొంగను వదిలేసి ఆ దస్తావేజుకు దీపారాధన చేశారు.

సరే, లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ చర్చి దగ్గర అసలు దొంగ దొరికాడు. నేను చెప్పులు వెతుక్కున్నాను. అబ్బే. అక్కడి నుంచి స్కాట్లండ్ తీసుకెళ్ళి ఇంకో చర్చి చూపించారు. అక్కడ ఆ అమ్మాయి చెరువు నీళ్ళ మీద నడవగలనేమోనని మెల్లగా కాలు పెట్టి చూస్తుంది. ఆ ఒక్కచోట నవ్వాను, నిజం. ఇక అయిపోయిందనుకుంటే హాంక్స్ హోటల్లో గడ్డం గీసుకుంటూ గాటు పెట్టుకుంటాడు. సింకులో నెత్తురు గీతలా జారడం చూసి ఆయనకు ఇంకో రహస్యం తట్టింది. మళ్ళీ లూవ్ర్. అసలు ఆ బ్లేడు కనిపెట్టినవాణ్ణి అనాలి.

75 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన మీకు నా నలభై రూపాయల లెక్క ఎందుకులెండి. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆ సీడీలు దొరికాయి. పావురాలు రాకుండా మా ఆవిడ రెండిటికీ దారం కట్టి బాల్కనీలో వేలాడదీసింది. మొదటి రోజు అవి తళతళమంటుంటే పావురాలు భయపడ్డాయి. మూడో రోజుకల్లా వచ్చి వాటి పక్కనే కూర్చుని కునుకు తీస్తున్నాయి.

ఇట్లు,
మీ నలభై రూపాయల ప్రేక్షకుడు