విజయపురి నుంచి శ్రీ విజయపురం దాకా

తెలంగాణకు సముద్రం లేదు. ఇంత పెద్ద అన్యాయం మీద ఇప్పటిదాకా ఒక్క కమిటీ కూడా వేయలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నారు గానీ, నాలుగో 'న' కింద నావలు అడగడం మన పెద్దలు మరిచిపోయారు. ఆ లోటును ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాలే సొంత ఖర్చుతో, నెలవారీ వాయిదాల మీద పూడ్చుకుంటున్నాయి.

నల్గొండలో మా గల్లీలో "ఇంకా అండమాన్ పోలేదా?" అని అడిగే తీరు చూస్తే, ఎదిగిన పిల్లను ఇంట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది. ఆ టెన్షన్ తట్టుకోలేక మేమూ బయల్దేరాం. మా బామ్మర్ది ప్యాకేజీ కాగితం తెచ్చాడు. ఐదు రోజులు, శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్.

నా భార్య కాగితం తిప్పి తిప్పి చూసింది. "పోర్ట్ బ్లెయిర్ ఏది? హేవ్‌లాక్ ఏది? మనం డబ్బులు కట్టింది వీటికా?"

మోసపోయామనే అనుకున్నాం. ఫోన్ చేసి అరిస్తే తేలిందేమంటే, 2018 డిసెంబర్‌లోనే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. మా అత్తమ్మ మాత్రం అసలు సంగతి అడిగింది. "పేర్లు మారిస్తే మారిచిండ్రు, రేటు మార్చలేదు గద?"

నిజానికి పేరు మార్పు మనకు వింతేం కాదు. నల్గొండే ఒకప్పుడు నీలగిరి. పాలమూరుకు 1890లో నిజాం పేరు మీద మహబూబ్‌నగర్ అని పెట్టారు. ఇన్నేళ్లయినా అక్కడివాళ్లు ఊరెళ్లేటప్పుడు పాలమూరు పోతున్నామనే అంటారు. (పాలమూరు కూలీలు ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసి వచ్చారు. ఒక్కరూ నీళ్ల ముందు నిలబడి ఫొటో దిగిన పాపాన పోలేదు. పర్యాటక స్పృహ లేని జనం.)

నన్ను ఆలోచనలో పడేసింది ఆ విజయపురం అన్న మాట. మా జిల్లా చివరన, నాగార్జునసాగర్ దగ్గర, విజయపురి ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకుల రాజధాని పేరు అది. అంటే మేం విజయపురి పక్కనుంచి లేచి, విమానమెక్కి, బంగాళాఖాతం దాటి, విజయపురానికే వెళ్తున్నామన్నమాట. ఆ 'శ్రీ' ఒక్కటే ఎక్కువ. అంత డబ్బు దానికే అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

దిగగానే కారు డ్రైవర్ తెలుగులో పలకరించాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబమట. "ఎక్కడోలండి మీరు? నల్గొండా? అక్కడ సముద్రం లేదు కదేటి?" అన్నాడు జాలిగా. ఇంత దూరం వచ్చింది ఈ మాట పడటానికా అనిపించింది.

ద్వీపాలు తిరగడమంటే ఏమిటో తెలియనివారికి చెప్పాలి. పొద్దున్నే లేచి జెట్టీ దగ్గర లైన్లో నిలబడాలి. సామాను స్కాన్ చేయించాలి. పడవెక్కాలి. దిగి, ఫొటో దిగి, తిరుగు పడవ కోసం మళ్లీ లైన్లో నిలబడాలి. నల్గొండ బస్టాండులో పెండ్లిళ్ల సీజన్లో దేవరకొండ బస్సు కోసం నిలబడ్డవాడికి దీనికి శిక్షణ అక్కర్లేదు. కాకపోతే బస్సు గుంతలో పడితే డ్రైవర్ని తిట్టుకోవచ్చు. పడవ ఎగిరినప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ లేరు. మా అత్తమ్మ దారంతా "యాదగిరి నర్సన్నా" అంటూ ముందు సీటు కమ్మీని వదల్లేదు.

నార్త్ బే వెళ్లే పడవలో గైడ్ ఒక రహస్యం చెప్పాడు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, లైట్‌హౌస్ ఉంటాయి కదా, ఆ బొమ్మ ఇక్కడిదే, నోటు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి అన్నాడు. పడవంతా జేబులు తడుముకుంది. అందరి దగ్గరా ఫోన్‌పే ఉంది, ఇరవై నోటు లేదు. అప్పుడు మా అత్తమ్మ కొంగుముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన నోటు, ఒక మూల పసుపు మరక. ఆ నోటు చేతులు మారుతూ పడవ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. గుజరాతీ దంపతులు, బెంగాలీ కుర్రాళ్లు, ఎవరో కొత్త జంట, అందరూ దాన్ని ఆకాశంలోకి ఎత్తి పట్టుకున్నారు. అత్తమ్మ లైట్‌హౌస్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె కళ్లు నోటు మీదే ఉన్నాయి. తిరిగొచ్చాక వెలుతురుకు పట్టి చూసి, "ఇదే" అని నిర్ధారించుకుని ముడేసుకుంది.

రాస్ ద్వీపంలో (దాని పేరూ మారింది, ఇప్పుడు నేతాజీ పేరు) బ్రిటిష్ వాళ్ల బంగ్లాలను మర్రి వేళ్లు నమిలేస్తున్నాయి. ఒక జింక దగ్గరికొచ్చి మా సకినాల కవర్ వాసన చూసి, ఆసక్తి లేనట్టు మొహం తిప్పుకుంది. అత్తమ్మకు ఆ అవమానం ఇంకా మానలేదు.

సూర్యాస్తమయం చూడలేకపోయాం. దేశమంతటికీ ఒకటే గడియారం కాబట్టి, తూర్పున అంత దూరంలో ఉన్న అండమాన్లో డిసెంబర్ సూర్యుడు ఐదు గంటల ప్రాంతంలోనే దిగిపోతాడు. రాధానగర్ బీచ్‌కు మేం ఐదున్నరకు చేరాం, చాయ్ తాగి. మా బామ్మర్ది చీకటినే వీడియో తీశాడు.

సెల్యులార్ జైలు గురించి వ్యంగ్యం రాయను. 1906లో పూర్తయింది, ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. ఒక కొట్లోకి ఆరుగురం దూరి ఫొటో దిగి, ఉక్కగా ఉందని విసుక్కుంటూ నిమిషంలో బయటికొచ్చాం.

ఇల్లు చేరిన వారానికి నాకొక ఆలోచన వచ్చింది. నాగార్జునకొండ కూడా ద్వీపమే కదా. డ్యాం కట్టి నీళ్లు నింపినప్పుడు లోయ మునిగింది, కొండ కొన మిగిలింది. తవ్వి తీసినవాటిలో చాలా దాని మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు. లాంచీలో పోవాలి. సరిహద్దు థ్రిల్ కావాలన్నా ఉంది. 2023 నవంబర్‌లో 26 గేట్ల డ్యాం మీద పదమూడో గేటు దగ్గర ఆంధ్రా పోలీసులు కంచె వేస్తే, రెండు రాష్ట్రాల పోలీసులూ ఎదురెదురుగా నిలబడ్డారు. విదేశీయాత్రకు ఇంతకంటే ఏం కావాలి?

"వచ్చే ఆదివారం సాగర్ పోదామా?" అన్నాను.

మా బామ్మర్ది చుట్టాలందరికీ అండమాన్ వీడియో చూపిస్తున్నాడు. నలభై నిమిషాలది. పడవ కిటికీ, అవతల నీళ్లు, మళ్లీ నీళ్లు, చివర్లో రాధానగర్ చీకటి. తల ఎత్తకుండానే అన్నాడు.

"సాగర్ల ఏముంటది బావా, నీళ్లే గద!"