అజ్ఞాతవాసంలో ఉన్న జీపీఎస్ ట్రాకర్‌కు

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

నా కారులో ఎక్కడో ఉన్న ట్రాకర్‌కు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నీ కుశలం తెలిసి పదకొండు రోజులైంది. ఫోను తెరిస్తే నీ పేరు పక్కన బూడిదరంగు చుక్క, దాని కింద ‘ఆఫ్‌లైన్’ అనే మాట. చివరిసారి నువ్వు పలికింది ఎన్.ఏ.డి. కూడలి ఫ్లైఓవర్ మీద. కారు ఆ రోజు క్షేమంగా ఇల్లు చేరింది. నీ సంగతే తెలియదు.

నిన్ను కొన్నది భయంతో. పక్క అపార్టుమెంటులో స్కూటరు పోయింది. స్కూటరు వారిది, పోయిన నిద్ర నాది. దుకాణదారు నిన్ను నా అరచేతిలో పెట్టి, “ఉపగ్రహం మీ కారును రాత్రింబవళ్లు చూస్తూనే ఉంటుంది సార్” అన్నాడు. నేను గబుక్కున ఆకాశంవైపు చూసి చొక్కా సర్దుకున్నాను. అది శుద్ధ అబద్ధమని తర్వాత తెలిసింది. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాలు ఎవరినీ చూడవు. ‘నేను ఇక్కడున్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని చాటింపు వేసుకుంటూ పోతాయి, అంతే. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికి తన పాట ఏ ఇంట్లో మోగుతోందో తెలియనట్టే, వాటికి నువ్వు పుట్టావన్న సంగతి కూడా తెలియదు. కనీసం నాలుగింటి చాటింపు విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, కారు ఎక్కడుందో తేల్చేది నువ్వు. తేల్చింది నాకు చేరవేసేది నీ కడుపులోని సిమ్ము. దానికి రీఛార్జి చేయకపోతే ఆకాశంలో ఎన్ని ఉపగ్రహాలున్నా నాకు ఒరిగేది లేదు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ కుర్రవాడు నిన్ను బిగించాడు. పనిమంతుడు. ఎర్ర తీగను ఫ్యూజు వేసి బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల తీగను బాడీ ఎర్త్‌కు, పసుపు తీగను ఇగ్నిషన్‌కు, అంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు, కలపాలని నాకు వేళ్ల మీద వివరించాడు. ఇనుప రేకు కింద పెడితే నీకు ఆకాశం వినపడదని, ప్లాస్టిక్ వెనక ముఖం పైకి ఉండేలా పెట్టాలని కూడా చెప్పాడు. అంతా చెప్పి, “మీరు అలా వెళ్లి టీ తాగి రండి సార్” అన్నాడు.

“ఎక్కడ పెడతావో చూస్తాను బాబూ” అన్నాను.

“చూడకూడదు సార్. రేపు దొంగ మెడ మీద కత్తి పెడితే మీరే చెప్పేస్తారు.”

నా ధైర్యం మీద అతనికున్న అంచనా సరైనదే కాబట్టి టీ తాగి వచ్చాను. ఒకటి కాదు, మూడు. తిరిగి వచ్చేసరికి కారు యథాతథంగా ఉంది. ఒక స్క్రూ మిగిలింది, అంతే. కార్ల పనిలో ఒక స్క్రూ మిగలడం ఆనవాయితీ అట.

పెరుమాళ్లకెరుక అన్నంత రహస్యంగా ఉండాల్సిన ఆ విషయాన్ని నేను వారంలోగా ఊరంతా చెప్పాను. వెనక అద్దానికి ‘ఈ వాహనంలో జీపీఎస్ ఉంది’ అని పసుపు స్టిక్కరు అంటించాను. బీచ్ రోడ్డులో ఉదయపు నడక మిత్రులకు చెప్పాను. ఎక్కడ పెట్టించావని అడిగినప్పుడు తెలియదంటే పరువు పోతుంది కాబట్టి వాచ్‌మన్‌కు వెనక సీటు కింద అని, మా బావమరిదికి గేరు దగ్గర అని, ఎదురింటి రిటైర్డు ఇంజినీరుగారికి స్పీడోమీటరు వెనక అని చెప్పాను.

నీ నిజాయితీ గురించి రెండు మాటలు. మొదటి వారంలోనే ఒక రాత్రి రెండు గంటలకు ‘ఇంజిన్ ఆన్’ అని కబురు పెట్టావు. లుంగీ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మా ఆవిడ అప్పడాల కర్ర పట్టుకుని సెల్లారులోకి పరుగెత్తాను. కారు చల్లగా నిద్రపోతోంది. ఫోను చూస్తే కారు సెల్లారులో లేదు. లాసన్స్ బే తీరం దాటి బంగాళాఖాతంలో గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో ఈదుతోంది. బానెట్ మీద చెయ్యి వేసి మరీ చూసుకున్నాను, తడి లేదు. కాంక్రీటు కప్పు కింద ఉపగ్రహాల మాట సరిగ్గా అందక, గోడలకు తగిలి వచ్చిన ప్రతిధ్వనులను నమ్మి నువ్వు అలా తడబడతావని ఇంజినీరుగారు తేల్చారు. అప్పడాల కర్ర సంగతి మాత్రం ఆయన ఇప్పటికీ మరచిపోలేదు.

సంక్రాంతికి ఊరెళ్లి ఇరవై రోజులకు తిరిగివస్తే కారు ‘టిక్’ అని ఒక్క మాట అని ఊరుకుంది. బ్యాటరీ ఖాళీ. పసుపు తీగను ఇగ్నిషన్‌కు బదులు ఎప్పుడూ కరెంటు ఉండే తీగకు కలిపాడట ఆ పనిమంతుడు. తాళం తీసేసినా ఇంజిన్ నడుస్తూనే ఉందనుకుని నువ్వు ఒక్క కునుకు కూడా తీయలేదు. నీలాంటిది మేలుకుని ఉండి 40 మిల్లీ ఆంపియర్లు లాగినా బ్యాటరీ నిల్వలోంచి రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్ పోతుంది. నా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, వయసు మీరినది కూడా. ఆ ఇరవై రోజులూ నువ్వు పొల్లుపోకుండా పంపిన నివేదిక ఏమిటంటే, ‘వాహనం కదలలేదు’. కదలకుండా చేసింది ఎవరో మాత్రం రాయలేదు. కుర్రవాడు వచ్చి తీగ మార్చాడు. నన్ను మళ్లీ టీకి పంపాడు.

ఇప్పుడు అసలు బాధ. నువ్వు మూగబోయావు. కొత్త ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, “సముద్రపు గాలి కదండీ, ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. ఒక్క నిమిషం పని. ఎక్కడుందో చూపించండి” అన్నాడు. నేను అతన్ని చూశాను, అతను నన్ను చూశాడు. వెనక సీటు లేపాం, గేరు చుట్టూ విప్పాం, స్పీడోమీటరు వెనక టార్చి వేశాం. నా అబద్ధాలన్నీ నేనే నమ్మి ఒక్కొక్కటీ విప్పించాను. చివరికి అతను బ్యాటరీ నుంచి ఎర్ర తీగ వెంట బయలుదేరాడు. అది కంపెనీ తీగల కట్టలోకి దూరింది. పైన అచ్చం కంపెనీవాళ్లు చుట్టే నల్ల గుడ్డ టేపే చుట్టి ఉంది. ఏది కంపెనీదో ఏది నీదో తెలియదు. “చేసినవాడు గట్టివాడండీ” అని మెచ్చుకుని, డాష్‌బోర్డు మొత్తం దించడానికి నీ ఖరీదుకు రెట్టింపు అడిగాడు.

ఆ గట్టివాడు ఇప్పుడు ఖతార్‌లో ఉన్నాడు. ఫోను చేశాను.

“ఆ నెలలో చాలా కార్లకు పెట్టాను సార్. మీది తెల్ల కారా, బూడిదరంగుదా?”

“ఎర్రది బాబూ.”

కాసేపు మౌనం. “స్టీరింగ్ కింద మాత్రం వెతకకండి సార్. దొంగ మొదట చూసేది అక్కడే” అన్నాడు.

పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచారు. కానీ ఏ చెట్టో ఐదుగురికీ తెలుసు. అజ్ఞాతవాసం ఏడాదే. నీ వారంటీ కూడా ఏడాదే, అది మొన్ననే ముగిసింది. నిన్న సాయంత్రం కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు కూర్చుని ఇదే ఆలోచించాను. 1969 నుంచి 2001 దాకా నీళ్లలో దాక్కోవడమే దాని ఉద్యోగం. అంతటి ఓడ ఇవాళ ఇసుక మీద అందరికీ కనిపిస్తూ, టిక్కెట్టు కొన్నవారికి కడుపులోని గొట్టాలన్నీ చూపిస్తోంది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదానివి, నీకెందుకింత బిగువు?

కారు ఎక్కడుందో నీకు బాగా తెలుసు. అది నాకూ తెలుసు, ఇప్పుడు అందులోనే కూర్చుని రాస్తున్నాను. నువ్వెక్కడున్నావో తెలియదు కాబట్టి ఈ ఉత్తరం నాలుగు ప్రతులు తీశాను. ఒకటి వెనక సీటు కింద, ఒకటి గేరు దగ్గర, ఒకటి గ్లవ్ బాక్సులో పెడుతున్నాను. నాలుగోది స్టీరింగ్ కింద. నువ్వు అక్కడ లేవని తెలుసు, కానీ దొంగ వస్తే మొదట చూసేది అక్కడే కదా. నువ్వు అతనికి దొరికితే నాకో మాట చెప్పమని చివర్లో రాశాను.

ఇట్లు,
నీ యజమాని