దక్షిణావర్త శంఖం కొనేముందు దాని నోట్లో వేలు పెట్టి చూడండి

తిరుపతిలో పూజా సామగ్రి దుకాణాల్లో దక్షిణావర్త శంఖం ధర వింటే కళ్లు తిరుగుతాయి. అంత పోసి కొనేవారు ఏ దిక్కున పెట్టాలో అడుగుతారు, ఏ వారం ఇంటికి తీసుకెళ్లాలో అడుగుతారు. ఇది ఏ సముద్రంలో బతికిన నత్త అని మాత్రం ఎవరూ అడగరు. నా ఒళ్లు మండేది అక్కడే.

అవును, నత్తే. మన పూజా శంఖం మన్నార్ సింధుశాఖ ఇసుకలో పురుగులను తిని బతికే టర్బినెల్లా పైరమ్ అనే నత్త గుల్ల. నీళ్లలోంచి తీసినప్పుడు తెల్లగా కూడా ఉండదు. పైనున్న గోధుమరంగు పొరను గీకి పారేస్తేనే ఆ తెలుపు బయటపడుతుంది.

నీళ్లు పోసే తోకను పైకి పెట్టి, నోటిని మనవైపు తిప్పితే మామూలు శంఖానికి నోరు ఎడమ పక్కన ఉంటుంది. కుడి పక్కన ఉంటే దక్షిణావర్తం. శాస్త్రజ్ఞులు గుల్లను తలకిందులుగా, మొన పైకి పెట్టి చూస్తారు కాబట్టి వాళ్ల లెక్కలో మన దక్షిణావర్తానిది ఎడమ వాటం. నత్తల్లో ఎక్కువ జాతులు కుడి వాటానివే. చెరువు నత్తల్లో ఈ వాటాన్ని నిర్ణయించేది పిల్ల జన్యువులు కాదు, తల్లి జన్యువులని 1923లోనే స్టర్టవాంట్ అనే జన్యు శాస్త్రవేత్త తేల్చారు. పిండం ఎనిమిది కణాలయ్యే సరికే ఏ వైపు తిరగాలో ఖాయమైపోతుంది! 2016లో ఇంగ్లండులో జెరెమీ అనే ఎడమ వాటం తోట నత్త దొరికింది. దాని జననాంగాలు కూడా అటుపక్కే ఉండటంతో మామూలు నత్తలతో జత కుదరక, దానికి సంబంధం వెతికిపెట్టమని శాస్త్రజ్ఞులు జనాన్ని అడగాల్సి వచ్చింది. చివరికి జత దొరికింది, పిల్లలు మాత్రం కుడి వాటంతోనే పుట్టాయి.

కాబట్టి నిజమైన దక్షిణావర్తం అరుదే, కాదనను. మరి వరసగా బల్ల మీద పేర్చి అమ్మేవి ఎక్కడివి? అమెరికా తీరంలో లైట్నింగ్ వెల్క్ అనే నత్త ఉంది. దానికి ఎడమ వాటం సహజం, అక్కడ అది మామూలు గుల్ల. టెక్సాస్ వాళ్ల రాష్ట్ర గుల్ల కూడా అదే. తెల్లగా మెరుగుపెట్టి తెస్తే ఇక్కడ దక్షిణావర్తం అయిపోతుంది.

తేడా పట్టడం తేలిక. నోట్లో వేలు పెట్టి లోపలి ఇరుసును తడమండి. మన శంఖమైతే మూడు నాలుగు మడతలు గట్లలా తగులుతాయి. వెల్క్‌లో ఆ గట్లు ఉండవు. ఒక దుకాణంలో నేను ఇలా తడుముతుంటే యజమాని శంఖం లాక్కుని నా చెవి దగ్గర పెట్టి, "ఓంకారం వినిపిస్తోందా సార్?" అన్నాడు. ఖాళీ చెంబు పెట్టుకున్నా అదే హోరు వినిపిస్తుంది, చుట్టుపక్కల చప్పుళ్లే అందులో మోగుతాయి అన్నాను. ఇక నాతో మాట్లాడలేదు.

"నమ్మకాల జోలికి ఎందుకు పోతావు?" అని మా బంధువుల్లోనే కొందరికి కోపం. నమ్మకం జోలికి నేను పోలేదు, బిల్లు జోలికి పోతున్నాను. అభిషేకానికి మామూలు శంఖం నిక్షేపంలా సరిపోతుంది. కాదు, అమెరికా నత్తే కావాలంటారా, తీసుకోండి. దానికి మన్నార్ ధర మాత్రం కట్టకండి.