పిలుపు తప్పా, ఆట తప్పా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ (ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే దళం) చిత్తయిన ప్రతిసారీ తప్పంతా వ్యూహాన్ని ఎంచుకున్న కోచ్‌దేనని ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. అంత సులువుగా తేలే సంగతి కాదు. 2018 జనవరి 8న అట్లాంటాలో అలబామా, జార్జియా విశ్వవిద్యాలయాల జట్లు ఆడిన జాతీయ ఫైనల్‌నే తీసుకోండి. అదనపు సమయంలో జార్జియా 3 పాయింట్లు ముందుంది. అలబామా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) టువాను 16 గజాల వెనక్కి పడగొట్టింది కూడా. రెండో డౌన్‌లో (పది గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో రెండోది) అలబామాకు కావలసినవి 26 గజాలు. అప్పుడు జార్జియా ఆడింది కవర్ 2, అంటే లోతున ఇద్దరు సేఫ్టీలు (అందరికన్నా వెనక కాపలా ఉండే డిఫెండర్లు) మైదానాన్ని చెరిసగం కాయాలి. ఆ స్థితిలో కోచ్ ఇచ్చిన ఆ పిలుపు, అంటే ఎంచుకున్న వ్యూహం, తెలివితక్కువదేమీ కాదు. కానీ టువా ముందు మరోవైపు చూపు సారించి సేఫ్టీని కదలనివ్వలేదు. ఎడమ అంచున, అక్కడ కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌ను దాటి దూసుకుపోతున్న అలబామా ఆటగాడు డెవాంటా స్మిత్ దగ్గరికి ఆ సేఫ్టీ చేరేసరికే ఆలస్యమైంది. 41 గజాల టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం), 26–23తో అలబామా గెలిచి ఆట ముగిసింది. తప్పింది ఒకటి రెండు అడుగులే. (టీవీలో నాలుగుసార్లు తిప్పి చూసి తీర్పు చెప్పడం మనకు తేలికే!)

ఒక్కటి ఒప్పుకుంటాను. సీజన్‌లో వారానికి 20 గంటలే సాధన చేసే విద్యార్థుల నెత్తిన మోయలేనంత ప్లేబుక్ (వ్యూహాల చిట్టా) పెడితే ఆ నేరం కోచ్‌దే. అయితే కవర్ 2 అలాంటి చిక్కు పాఠమా? రెండో డౌన్‌లో 26 గజాలున్నప్పుడు వ్యాసకర్త అయితే ఏం పిలిచేవారో చెప్పాలి.